జహీరాబాదు చిన్న లారీ: ఆల్విన్-నిస్సాన్ కథ

మిర్చి టిక్కీలు గుంటూరు యార్డుకు చేర్చాలన్నా, ఎరువుల బస్తాలు ఊళ్ళోకి తేవాలన్నా నేడు నకరికల్లు అడ్డరోడ్డులో చిన్న లారీకి కొదవ లేదు. నలభై ఏళ్ళ కిందట పరిస్థితి వేరు. మెటడార్, టెంపో వంటివి కొన్ని ఉన్నా, సరుకు కాస్త ఎక్కువైతే పెద్ద లారీ నిండేదాకా ఆగవలసిందే. ఆ లోటు తీర్చడానికి పూనుకున్నవారిలో మన ఉమ్మడి రాష్ట్రానికి చెందిన ప్రభుత్వ సంస్థ కూడా ఒకటి ఉందన్న సంగతి ఈ తరానికి అంతగా తెలియదు.

ఆ సంస్థే హైదరాబాద్ ఆల్విన్. నిజాం కాలంలో, 1942లో, ఆల్విన్ మెటల్ వర్క్స్‌గా మొదలైంది. మన ఆర్టీసీ బస్సుల బాడీలు, ఇంట్లో ఫ్రిజ్, చేతికి గడియారం - ఆల్విన్ పేరు చూడని ఉద్యోగి కుటుంబం అరుదు. 1980లలో ఈ సంస్థ జపాన్‌కు చెందిన నిస్సాన్‌తో చేయి కలిపి, వెనుకబడిన మెదక్ జిల్లాలోని జహీరాబాదులో ఆల్విన్-నిస్సాన్ కర్మాగారం నెలకొల్పింది. అక్కడ తయారైన క్యాబ్‌స్టార్ డీజిల్‌తో నడిచే తేలికపాటి లారీ.

అదే కాలంలో దేశంలో ఇటువంటి కంపెనీలు మరి మూడు వెలిశాయి: డి.సి.ఎం. టొయోటా, స్వరాజ్ మాజ్దా, ఐషర్ మిత్సుబిషి. నాలుగింటికీ సాంకేతికత జపాన్‌దే. మొదట్లో ముఖ్యమైన భాగాలు అక్కడినుండి తెచ్చి ఇక్కడ బిగించడం, క్రమంగా స్వదేశంలోనే తయారు చేసుకోవడం - ఇదీ పద్ధతి.

ఇక్కడే దెబ్బ తగిలింది. 1985 సెప్టెంబరులో న్యూయార్కు ప్లాజా హోటల్లో అయిదు ధనిక దేశాలు డాలరు విలువ తగ్గించాలని ఒప్పందం చేసుకున్నాయి. అప్పుడు డాలరుకు సుమారు 240 యెన్‌లు. రెండేళ్ళు దాటేసరికి 120 దరిదాపులకు వచ్చింది. యెన్ బలపడితే జపాన్ విడిభాగాల ధర మనకు మండిపోక తప్పదు. లారీ మారలేదు, పనివాడి నైపుణ్యం తగ్గలేదు. ఖర్చు మాత్రం పెరిగింది. సరిగ్గా అప్పుడే, 1986లో, టాటావారు 407 విడుదల చేశారు. 1954 నుండి 1969 వరకు జర్మనీ బెంజ్ కంపెనీ వద్ద నేర్చిన విద్యతో దాన్ని స్వయంగా రూపొందించుకున్నారు. యెన్ పెరిగినా వారికి చింత లేదు.

1989లో ఆల్విన్-నిస్సాన్ మహీంద్రా చేతికి వెళ్ళింది. తర్వాత ఆ పేరే మాసిపోయింది.

"ప్రభుత్వ సంస్థ కదా, మునగక ఏమవుతుంది" అనడం చాలామందికి అలవాటు. లెక్క చూడండి. డి.సి.ఎం. ప్రైవేటుదే, అదీ 1990లలో దేవూ పరమైంది. నిలదొక్కుకున్న రెండింటిలో ఐషర్ ప్రైవేటుది. స్వరాజ్ మాజ్దా వెనుక ఉన్న పంజాబ్ ట్రాక్టర్స్ ఆ రాష్ట్ర ప్రభుత్వ సంస్థ చొరవతో పుట్టినదే. అంటే గెలుపోటములను తేల్చింది యజమాని ఎవరన్నది కాదు. పరాయి విడిభాగం మీద ఆధారపడినవాడికి పరాయి నాణెం కూడా యజమానే.

జహీరాబాదులో నాటిన విత్తనం వృథా పోలేదు. ఆ ఊళ్ళో మహీంద్రావారు తర్వాత ట్రాక్టర్లు కూడా తయారు చేయసాగారు. ఆల్విన్‌లో చెమటోడ్చిన కార్మికులకు, ఉద్యోగులకు మాత్రం అపవాదు మిగిలింది. దాన్ని సరిదిద్దవలసిన బాధ్యత, సర్వీసంతా ఇటువంటి మాటలే పడిన మనకు కాక మరెవరికుంటుంది?