ప్లాట్ చూపించే ఏజెంట్‌కు రెరా నంబర్ ఉందా? అద్దె బ్రోకర్ల సంగతేంటి?

జనగామ జిల్లా తరిగొప్పులలో ఉన్నా, హైదరాబాద్‌లో ఉన్నా.. వెంచర్‌లో ప్లాట్ ఉందంటూ ఏజెంట్ ఫోన్ చేస్తే, అడ్వాన్స్ ఇచ్చేముందు రెండు నంబర్లు అడగాలి. ఒకటి ఏజెంట్‌ది, రెండోది వెంచర్‌ది. తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో రెండూ సరిచూసుకోవచ్చు.

రూల్ ఏంటి?
2016 రెరా చట్టం సెక్షన్ 9 ప్రకారం, రెరాలో నమోదైన ప్రాజెక్టుల్లో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మిపెట్టే ఏజెంట్ రిజిస్ట్రేషన్ చేయించుకోవాల్సిందే. ప్రతి అమ్మకంలో ఆ నంబర్ చూపాలి. తప్పితే రోజుకు రూ.10 వేల జరిమానా. ఇది ఆ ఆస్తి విలువలో 5 శాతం దాకా వెళ్లొచ్చు.

ఫిర్యాదు ఎక్కడ?
సెక్షన్ 31 కింద ఏజెంట్‌పైనా రెరాకు ఫిర్యాదు చేయొచ్చు. ఆర్డర్‌తో సంతృప్తి లేకపోతే 60 రోజుల్లో అప్పీలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు.

అద్దె ఇళ్లకు?
ఇక్కడే మెలిక. అద్దెకు ఇల్లు ఇప్పించే బ్రోకర్లు రెరా కిందికి రారు. ఇంగ్లండ్‌లో మాత్రం 2014 అక్టోబర్ 1 నుంచి అద్దె ఏజెంట్లు ఫిర్యాదుల పరిష్కార సంస్థలో సభ్యులుగా చేరడం తప్పనిసరి. ఇక్కడ ఆ రూల్ లేదు కాబట్టి కమీషన్‌కు రసీదు తీసుకోవాలి. సేవల్లో లోపం ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించేటప్పుడు ఆ రసీదే ఆధారం.