పులస ఎవరి వంటింటిది?

దరియాలతిప్ప యానాం పరిధిలోని మత్స్యకారుల గ్రామం. తిప్ప అంటే నీటి పక్కన మేట వేసి లేచిన నేల అని మన పాఠకులకు చెప్పనక్కరలేదు. 1723లో ఫ్రెంచివారు యానాం రావడం, 1954లో వదిలి పోవడం, 1962లో విలీనం చట్టబద్ధం కావడం చాలామంది రాశారు. నేను రాయబోయేది ఒక చేప సంగతి.

సముద్రంలో ఉన్నంతకాలం అది విలస. కొందరు ఇలస అంటారు. ఆషాఢం, శ్రావణాల్లో ఎర్రనీరు దిగగానే గుడ్లు పెట్టడానికి గౌతమిలోకి ఎదురీదుతుంది. ఆ తీపినీటిలో ఉప్పు వదిలి, రుచి మారి పులస అవుతుంది. బెంగాలీల ఇలిష్ కూడా ఈ జాతిదే.

ఈ ఎదురీతకు మొదటి అడ్డు ధవళేశ్వరం ఆనకట్ట. 1847లో కాటన్ దొర మొదలుపెట్టాడు, 1852కి పూర్తయింది. దాని స్థానంలో కట్టిన బ్యారేజి 1982 నాటికి వచ్చింది. డెల్టాకు అన్నం పెట్టిన కట్టడం అది. కాటన్‌కు దండ వేసే చేతుల్లో నాదీ ఒకటి. కానీ నేను కామర్సు చదివినవాణ్ణి, ఖాతాకు రెండు వైపులూ చూడటం అలవాటు. జమ వైపు వరి ఉంది. ఖర్చు వైపు చేప దారి ఉంది. నదులకు అడ్డంగా కట్టే కట్టడాలు చేపలకు చేసే హాని గురించి ఫ్రాన్సిస్ డే 1873లోనే తన నివేదికలో హెచ్చరించాడు. గంగ మీద 1975లో ఫరక్కా వచ్చాక అలహాబాదు వైపు ఇలిష్ పోవడం దాదాపు ఆగిపోయింది. వంద సంవత్సరాల ముందటి పాఠం అక్కడ ఎవరికీ అక్కరకు రాలేదు.

ఇక వంట. మట్టి దాకలో, పుల్లల పొయ్యి మీద సన్నసెగన చింతపండు పులుసు. బెండకాయలు, పచ్చిమిర్చి వేస్తారు. ముక్క విరుగుతుందని గరిట పెట్టరు, దాకనే పట్టుకుని కుదుపుతారు. చివర్లో వెన్నముద్ద, ఆవకాయ మీది నూనె. ఆ పూట తినకూడదు. రాత్రంతా ఊరితే సన్నముళ్ళు మెత్తబడతాయంటారు. అప్పటికప్పుడు వడ్డించే హోటలు పులుసు నా దృష్టిలో పులుసే కాదు.

పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత. అది కొనేవాడు పుట్టించిన సామెత. పట్టినవాడి ఇంట్లో లెక్క వేరు. యానాం వేలంలో ఒక్క చేప 20 వేల రూపాయలు దాటి పలికిన రోజులున్నాయి. ఆ డబ్బుతో వల బాకీ తీరుతుందంటే ఏ ఇల్లాలు దాన్ని పొయ్యి మీద పెడుతుంది? దొరికేవి తగ్గినకొద్దీ ధర పెరిగింది, ధర పెరిగినకొద్దీ పులుసు కాచే ఇళ్ళు తగ్గాయి. ఒడిశా నుంచి మంచుపెట్టెల్లో వచ్చిన ఇలస కూడా పులస పేరుతో అమ్ముడవుతోంది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం. అది సముద్రానికి. పులస ఏరెక్కేది ఆ గడువు ముగిశాకే. బంగ్లాదేశ్‌లో అయితే ఇలిష్ గుడ్లు పెట్టే రోజులకే విడిగా 22 రోజుల నిషేధం పెట్టి, ఆ రోజుల్లో జాలరి కుటుంబాలకు బియ్యం ఇస్తున్నారు. మన గౌతమికి అలాంటి ఏర్పాటు అడగడానికి కాటన్‌ను తప్పు పట్టనక్కరలేదు.

వరద తీశాక, చలిగాలి మొదలయ్యే వేళ చీరమేను వస్తుంది. చీరలతో వడగట్టి పట్టే ఆ చిన్న చేప ఒకప్పుడు ఇంటికూర. అదీ ఇప్పుడు సేర్ల లెక్కన కాకినాడ వెళ్ళిపోతోంది. తిప్ప మీద వంటిళ్ళకు మిగిలేవి మెత్తళ్ళు, ఎండుచేపలు.