కడుపు నిండినా ఆగని ఎలుకలు

మా బీదర్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. ఇప్పటికీ పెద్ద ఆసుపత్రికి వెళ్ళాలంటే మా వాళ్ళు హైదరాబాద్ బస్సే ఎక్కుతారు. అక్కడ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్నగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. 1996లో అక్కడ పెంచుతున్న తెల్ల ఎలుకల్లో ఒకటి తోటివాటికన్నా బాగా లావుగా కనిపించింది. దాని వంశాన్ని వేరుగా పెంచి చూశారు. అవి ఎంత తిన్నా ఆపట్లేదు, ఆ గుణం పిల్లలకూ వస్తోంది.

ఎందుకు ఆపట్లేదు? దీనికి జవాబు కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఆకలి కడుపులో పుడుతుందని అందరం అనుకుంటాం. 1951లో మన దేశానికి చెందిన బి.కె. ఆనంద్, అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో బ్రోబెక్‌తో కలిసి, ఎలుకల మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లో రెండు వైపులా చిన్న భాగాన్ని పాడుచేసి చూశారు. అంతే, ఎదురుగా మేత ఉన్నా అవి ముట్టలేదు. చదువుతుంటే పాపం అనిపించింది.

మరి ఒంట్లో కొవ్వు చాలినంత ఉందని మెదడుకు ఎవరు చెప్తారు? అమెరికాలోనే జాక్సన్ ప్రయోగశాలలో రెండు రకాల లావు చిట్టెలుకలు ఉండేవి. డగ్లస్ కోల్‌మన్ ఒక్కో రకం నుంచి ఒకదాన్ని తీసుకుని, ఒకదాని రక్తం ఇంకోదానికి పోయేలా కలిపి కుట్టాడు. మొదటిది తినడం మానేసింది, రెండోది తింటూనే ఉంది. 1973లో ఆయన ఈ ఫలితాన్ని ప్రకటించాడు. అంటే రక్తంలో ఏదో కబురు వెళ్తోందన్నమాట. మొదటిదానికి కబురు పంపడం రాదు, రెండోదానికి వినడం రాదు. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఆ కబురు తాలూకు జన్యువును పట్టుకుంది. ఆ హార్మోనుకే లెప్టిన్ అని పేరు పెట్టారు.

లెప్టిన్ కొవ్వు కణాల్లో తయారై, రక్తంలో హైపోథాలమస్‌కు చేరుతుంది. అక్కడ ఒక రకం నాడీకణాలు తినమంటాయి, ఇంకో రకం చాలంటాయి. లెప్టిన్ మొదటివాటిని అణిచి, రెండోవాటిని లేపుతుంది. 1999లో జపాన్‌లో కనుక్కున్న గ్రెలిన్ ఖాళీ కడుపు నుంచి వచ్చి తినమనే కణాలను రెచ్చగొడుతుంది.

హైదరాబాద్ ఎలుకల రక్తం పరీక్షిస్తే లెప్టిన్ తక్కువ లేదు, చాలా ఎక్కువ ఉంది! కబురు వెళ్తున్నా మెదడు వినట్లేదు.

మనం లావుగా ఉన్న పిల్లల్ని తేలిగ్గా "తిండిపోతు" అనేస్తాం. మా క్లాసులో ఆ పేరు పడ్డవాడు మధ్యాహ్న భోజనంలో రెండోసారి అన్నం అడగడు. 1997లో ఇంగ్లాండులోని కేంబ్రిడ్జ్ పరిశోధకులు, బాగా లావైన ఇద్దరు పిల్లల ఒంట్లో లెప్టిన్ తయారవట్లేదని కనుక్కున్నారు. వాళ్ళలో తొమ్మిదేళ్ళ పాపకు రోజూ లెప్టిన్ సూది వేస్తే తిండి దానంతటదే తగ్గింది. ఎవరూ తిట్టాల్సిన పని పడలేదు.

అయితే లావుగా ఉండేవాళ్ళలో చాలామందికి లెప్టిన్ ఎక్కువే ఉంటుంది, ఆ సూది పెద్దగా పనిచేయదు. వాళ్ళ స్థితి హైదరాబాద్ ఎలుకలకు దగ్గర. ఆ లావు ఎలుకలకు పిల్లలు పుట్టవు. అందుకని అంత లావు లేని వాటి తోబుట్టువుల ద్వారానే ఆ వంశాన్ని నిలబెడుతూ వచ్చారు.