దెబ్బ తగలని మచ్చలు: రక్తఫలకికల లోపాన్ని గుర్తించిన చరిత్ర

ఆటలాడే పిల్లల మోకాళ్ళపైన, మోచేతులపైన కమిలిన మచ్చలు ఉండటం వింత కాదు. కాని ఏ దెబ్బా తగలకుండానే ఒంటిమీద అట్టి మచ్చలు లేచి, వాటి మధ్య గుండుసూది తలకాయంత ఎర్రని చుక్కలు గుంపులుగా కనిపిస్తే వేరే కారణం వెదకవలసి ఉంటుంది. మామూలు దద్దురును గాజు పలకతో అదిమితే ఎరుపు మాయమవుతుంది. ఈ చుక్కలు మాయం కావు. ఎందువలననగా అవి సన్నని రక్తనాళాల నుండి చర్మంలోనికి ఊరిన రక్తం. ఇట్టి బిడ్డను చూచిన వైద్యుడు నేడు కొద్దిపాటి రక్తపరీక్షతోనే చాలవరకు రోగనిర్ణయం చేయగలుగుతున్నాడు. ఈ సులువు వెనుక దాదాపు మూడు శతాబ్దాల కృషి ఉన్నది.

జర్మనీలోని హానోవర్ నగరంలో వైద్యుడైన పాల్ గాట్లీబ్ వెర్ల్‌హాఫ్ 1735లో ఈ రోగాన్ని వర్ణించినాడు. ఆరోగ్యంగా ఉన్న ఒక యువతికి హఠాత్తుగా ముక్కు నుండి రక్తం కారింది. ఒంటిపై మచ్చలు లేచినవి. తీవ్రమైన జ్వరాలలో కనిపించే మచ్చలకు, దీనికి భేదం ఉన్నదని ఆయన గ్రహించినాడు. అందువలన చాలాకాలం దీనిని వెర్ల్‌హాఫ్ వ్యాధి అనేవారు. కాని రక్తంలో తగ్గినది ఏమిటో ఆయనకు తెలిసే వీలు లేదు. దానిని అప్పటికి ఎవరూ గుర్తించలేదు.

అది రక్తఫలకిక. ఎర్రకణం కన్న చాలా చిన్నది. ఘన మిల్లీమీటరు రక్తంలో ఇవి సాధారణంగా లక్షన్నర నుండి నాలుగు లక్షల వరకు ఉంటాయి. 1874లో విలియం ఆస్లర్ వీటిని పరిశీలించినాడు. 1882లో ఇటలీ శాస్త్రజ్ఞుడు జూలియో బిజ్జొజీరో, రక్తనాళం తెగినచోట ఇవి చేరి గండి పూడ్చుతాయని చూపినాడు. 1887లో డెనిస్ అనే శాస్త్రజ్ఞుడు, మచ్చల రోగుల రక్తంలో ఈ ఫలకికలే తగ్గి ఉన్నవని గమనించినాడు. ఎముకల మూలుగలోని మహాకణాల నుండి ఇవి పుడతాయని 1906లో అమెరికాలో జేమ్స్ హోమర్ రైట్ తెలిపినాడు.

చెరువులో నీరు తగ్గినదంటే వచ్చే నీరైనా తగ్గి ఉండాలి, లేదా గట్టుకు గండియైనా పడి ఉండాలి. ఫలకికల విషయంలోను ఇదే ప్రశ్న వచ్చింది. 1915లో జర్మనీలో ఫ్రాంక్ అనే వైద్యుడు, మూలుగలో ఉత్పత్తి తగ్గుటే కారణమన్నాడు. మరుసటి సంవత్సరం ప్రేగ్ నగరంలో పాల్ కజ్నెల్సన్ అనే వైద్యవిద్యార్థి, ఫలకికలు ప్లీహంలో నశించిపోతున్నవని వాదించినాడు. ఆయన సూచనపై ఒక స్త్రీకి ప్లీహాన్ని తొలగించగా ఫలకికల సంఖ్య పెరిగి రక్తస్రావం ఆగింది. అయినా వివాదం తీరలేదు.

దానిని చాలవరకు తేల్చినది 1950లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో జరిగిన ప్రయోగం. విలియం హారింగ్టన్ అనే యువ వైద్యుడు, ఈ రోగం గల ఒక స్త్రీ రక్తాన్ని సుమారు అర లీటరు తన శరీరంలోనికి ఎక్కించుకొన్నాడు. కొన్ని గంటలలోనే ఆయన ఫలకికలు ప్రమాదకరంగా పడిపోయి, చర్మంపై ఎర్రచుక్కలు లేచినవి. కాని ఆయన మూలుగలోని మహాకణాలు చెక్కుచెదరలేదు. సుమారు వారంలోపల సంఖ్య మళ్ళీ పెరిగింది. అనగా ఉత్పత్తి ఆగలేదు. రోగి రక్తంలోని ఏదో పదార్థం ఫలకికలను నాశనం చేస్తున్నది. ఈ రోగం గల తల్లులకు పుట్టిన శిశువులలో కొంతకాలం ఫలకికలు తగ్గి ఉండుటకు కూడ ఇదే కారణమని తేలింది. 1965లో షుల్మన్, ఆయన సహచరులు, ఆ పదార్థం ప్రతిరక్షకాల లక్షణాలు కలదని చూపినారు. రోగక్రిములపై పనిచేయవలసిన ప్రతిరక్షకాలు పొరపాటున స్వంత ఫలకికలకు అంటుకొంటాయి. అట్టివాటిని ప్లీహం పట్టి నాశనం చేస్తుంది. ఎనిమిది, పది దినాలు బ్రతుకవలసిన ఫలకిక కొన్ని గంటలలోనే నశించవచ్చు. పిల్లలలో ఇది తరచు జలుబు వంటి వైరస్ వ్యాధి వచ్చిపోయిన కొద్ది వారాలకు కనిపిస్తుంది.

కారణం తెలిసినది కనుక, ప్రతిరక్షకాన్ని పరీక్షిస్తే రోగం తేలిపోతుందని తోచవచ్చు. అట్లు జరగలేదు. రోగులందరిలోను అది పరీక్షకు చిక్కదు. కనుక చిక్కనంత మాత్రాన రోగం లేదనుటకు వీలులేదు. అందువలన నేటికీ ఇది ఇతర కారణాలను ఒక్కొక్కటిగా తొలగించి చేసే నిర్ణయమే. మొదట రక్తపు పూతను సూక్ష్మదర్శినిలో చూడాలి. ఒక్కొక్కప్పుడు ఫలకికలు పరీక్షనాళికలోనే ముద్దకట్టి, యంత్రం లెక్కలో తక్కువగా కనిపిస్తాయి. లెక్క నిజమైతే మిగిలిన కణాలను చూడాలి. ఎర్రకణాలు, తెల్లకణాలు సరిగా ఉండి, బిడ్డ ఇతర విధాల ఆరోగ్యంగా ఉంటే ఇది ప్రతిరక్షక సంబంధమైన లోపమని భావిస్తారు. జ్వరం, ఎముకల నొప్పి, బరువు తగ్గుట, రక్తహీనత, కాలేయం గాని ప్లీహం గాని లింఫు గ్రంథులు గాని వాచుట కనిపిస్తే కథ వేరు. అది రక్త కాన్సరు కావచ్చు. మన ప్రాంతాలలో జ్వరంతో ఫలకికలు తగ్గితే డెంగీని కూడ తలచాలి.

ఇక్కడ పొరపాటు జరిగితే రెండు వైపులా నష్టమే. కాన్సరును గుర్తించక స్టీరాయిడ్లు ఇస్తే దాని లక్షణాలు కొంతకాలం మరుగుపడి చికిత్స ఆలస్యమవుతుంది. ఈ భయంతోనే పూర్వం చాలామంది పిల్లల ఎముకలోనికి సూది దించి మూలుగు తీసేవారు. లక్షణాలు స్పష్టంగా ఉన్న పిల్లలకు ఆ పరీక్ష అనవసరమని 2011లో అమెరికన్ రక్తశాస్త్ర సంఘం సూచించింది. లక్షకు తక్కువ సంఖ్యను ఈ రోగానికి హద్దుగా 2009లో అంతర్జాతీయ నిపుణులు నిర్ణయించినారు. 'కారణం తెలియని' అనే పాత విశేషణం తీసివేసి 'ప్రతిరక్షక సంబంధమైన' అని పేరు మార్చినారు.

1981లో స్విట్జర్లండు వైద్యుడు పాల్ ఇంబాక్, దాతల రక్తం నుండి తీసిన ప్రతిరక్షకాలను సిరలోనికి ఎక్కించి పిల్లలలో ఫలకికలను పెంచవచ్చునని చూపినాడు. అయినా చర్మంపై మచ్చలు తప్ప వేరే రక్తస్రావం లేని బిడ్డకు, మందు ఇవ్వక కనిపెట్టి ఉండుటే చాలునని 2019లో అదే అమెరికన్ సంఘం సూచించింది. ఐదుగురు పిల్లలలో సుమారు నలుగురికి ఏడాదిలోపల ఇది దానంతట అదే తగ్గుతుంది. మెదడులో రక్తస్రావం నూటికి ఒకరికన్న తక్కువమందికి కలుగుతుంది. ఫలకిక అంటే తెలియని కాలంలో ప్రారంభమైన ఈ అన్వేషణ, ఏ పరీక్ష అవసరమో చెప్పినట్లే, ఏ పరీక్ష బిడ్డకు అక్కరలేదో కూడ చెప్పగలిగింది.