గోడ రావి, గింజ చింత: శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో బోన్సాయ్ పెంపకం

నేలలో వదిలేస్తే మహావృక్షమయ్యే మొక్కను లోతు తక్కువ కుండీలో ఉంచి, కొమ్మలూ వేళ్లూ కత్తిరిస్తూ, ఏళ్ల తరబడి చిన్న చెట్టుగా నిలిపే తోటపని బోన్సాయ్. దీనికంటూ ప్రత్యేకమైన మరుగుజ్జు జాతి లేదు. ఊరి చెరువు గట్టు మీద గొడుగు పట్టిన మర్రీ, మూకుడులో మూరెడు ఎత్తున నిలిచిన మర్రీ ఒకే జాతి గింజలు. చైనాలో పుట్టిన ఈ కళ జపాన్‌లో స్థిరపడింది. 1923 నాటి భూకంపంలో టోక్యో దెబ్బతిన్నాక అక్కడి పెంపకందారులు కొందరు 1925లో ఒమియా దగ్గర బోన్సాయ్ గ్రామాన్ని ఏర్పరచుకున్నారు. తయారైన చెట్లను దగ్గరలో చూడాలనుకునే తెలుగువారికి గోదావరి జిల్లాల కడియం నర్సరీలు ఉన్నాయి. మైసూరులోని అవధూత దత్తపీఠంలో కిష్కింధ మూలికా బోన్సాయ్ వనం ఉంది.

చెట్టును మొదలుపెట్టే దారులు మూడు: గింజ నాటడం, మొలకను తెచ్చుకోవడం, అప్పటికే కొంత ముదిరిన లేత చెట్టును తవ్వి తేవడం. చలిదేశాల పుస్తకాలు గింజను నెలల తరబడి చలిలో ఉంచమనీ, కొండల్లో మంచు కరిగాక చెట్టు తవ్వమనీ చెబుతాయి. నాగావళి, వంశధార, చంపావతి పరీవాహకంలో ఆ సలహాలు ఎందుకూ కొరగావు. ఇక్కడ పని నడిచేది కార్తెలతో. రోహిణిలో వేరు ముట్టకూడదు. మృగశిర, ఆరుద్ర వానలు పడ్డాక ఏ వేరు తవ్వినా బతికే అవకాశం ఉంది.

గింజ నుంచి

ఈ రెండు జిల్లాల్లో గింజతో మొదలుపెట్టడానికి చింతను మించింది లేదు. ఆకు సహజంగానే చిన్నది, బెరడు త్వరగా పగుళ్లు తేలి ముసలి కళ తెచ్చుకుంటుంది, ఎండను ఓర్చుకుంటుంది. ఫాల్గుణ, చైత్రాల్లో చింతపండు ఒలిచే ఇళ్లలో గింజలు ఎలాగూ కుప్పపడతాయి. గింజ పెంకు గట్టిది కాబట్టి ఒక పక్క గచ్చు మీద అరగదీసి, రాత్రంతా నానబెట్టి నాటితే వారం పది రోజుల్లో మొలక బయటికి వస్తుంది. సీమచింత ఇంకా వేగం. దాని ముళ్లు చేతికి ఇబ్బందే గాని, కొట్టినకొద్దీ చిగురు వేయడంలో దానికి సాటి తక్కువ.

వేపగింజకు ఓపిక లేదు. పండు రాలిన రెండు మూడు వారాల్లోనే మొలిచే శక్తి తగ్గిపోతుంది. నిరుడు దాచిన గింజలు నాటి మొలవలేదనడంలో అర్థం లేదు. జూన్, జులైలో రాలిన పండును గుజ్జు కడిగి అప్పటికప్పుడు నాటాలి. రావి, మర్రి గింజలు ఆవగింజ కంటే చిన్నవి. పండులోకి దూరే బుల్లి కందిరీగ వల్లే వాటికి పరాగసంపర్కం జరుగుతుంది, అందుకే ప్రతి పండులోనూ మొలిచే గింజ ఉంటుందని చెప్పలేం. వీటికి వెలుతురు కావాలి. ఇటుక పొడి మీద చల్లి, పైన మట్టి కప్పకుండా, తడి ఆరకుండా చూడాలి.

తీరం వెంబడి గాలులకు అడ్డుగా వేసే సరుగుడును బోన్సాయ్ చెట్టుగా ఇక్కడ చాలామంది ఊహించరు. తైవాన్‌లో మాత్రం దానితో మేలైన చెట్లు తయారవుతున్నాయి. దాని వేళ్లలో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి చేరి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. కాబట్టి కుండీ మట్టిలో పాత సరుగుడు తోట మట్టి గుప్పెడు కలపడం మంచిది. సరుగుడు నారు వేళ్లు ఎండ తగిలి ఒక్కసారి ఆరాయంటే తరువాత ఎన్ని నీళ్లు పోసినా లాభం ఉండదు. నారుకట్టను తడి గోనెలో చుట్టి తేవాలి.

గింజ మొక్కకున్న గొప్ప లాభం వేరు. నాలుగైదు ఆకులు రాగానే మొక్కను పైకి తీసి, తల్లివేరును సగానికి కత్తిరించి, పక్కవేళ్లను నాలుగు దిక్కులా పరిచి ఒక బంగాళా పెంకు ముక్క మీద కూర్చోబెట్టి నాటుతారు. పెంకు అడ్డుపడటంతో వేళ్లు కిందికి దిగకుండా అడ్డంగా పాకుతాయి. కొన్నేళ్లకు మొదలు దగ్గర వేళ్లు నేలను పట్టుకున్నట్టు కనిపిస్తాయి. తవ్వి తెచ్చిన చెట్టుకు ఈ అందం అరుదుగా దొరుకుతుంది.

నష్టం కాలం. మొదటినుంచీ చిన్న కుండీలో పెంచితే మొదలు లావెక్కదు. కాండం లావు ఆకుల సంఖ్యను బట్టి, వేళ్లకు దొరికే చోటును బట్టి ఉంటుంది. అందుకే గింజ మొక్కను మూడు నాలుగేళ్లు గరువు నేలలోనో, పెరటి గట్టునో స్వేచ్ఛగా పెరగనిచ్చి, ఏటా వేరు కత్తిరించి, తరువాతే కుండీలోకి తేవాలి. అడుగున ఒక కొమ్మను కత్తిరించకుండా పొడుగ్గా వదిలేస్తే ఆ కొమ్మ కింది కాండం లావెక్కుతుంది. పని అయ్యాక ఆ కొమ్మను కొట్టేస్తారు. గింజ నుంచి చూడదగిన చింత రావాలంటే ఎనిమిది పదేళ్లు పడుతుంది. నర్సరీల్లో ఉబ్బిన వేళ్లతో అమ్మే చిన్న ఫైకస్ మొక్కలు కూడా గింజ నుంచి వచ్చినవే. చైనాలోని ఫుజియన్ ప్రాంతంలో వాటిని పొలాల్లో ఏళ్ల తరబడి పెంచి, వేరు పైకి తేల్చి, తలకు చిన్నాకుల రకాన్ని అంటుగట్టి పంపుతారు. చూడ్డానికి ముద్దుగానే ఉంటాయి, కాని అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి.

గోడ రావి

ఈ ప్రాంతానికి సొంతమైన బోన్సాయ్ సరుకు గోడ మీద ఉంది. కాకులూ గోరింకలూ పండు తిని వేసిన రెట్టలోంచి రావి, మర్రి, జువ్వి మొక్కలు పాత ఇళ్ల పిట్టగోడల్లో, కల్వర్టుల రాళ్ల సందుల్లో, నూతి వరల్లో, నీళ్ల ట్యాంకుల అంచుల్లో మొలుస్తాయి. మట్టి దాదాపు ఉండదు, తిండి చాలదు, ఎండ ఎక్కువ. దాంతో పదేళ్ల మొక్క కూడా బెత్తెడు ఎత్తున, లావు మొదలుతో, మెలికల వేళ్లతో నిలిచిపోతుంది. జపాన్‌వారు కొండ రాళ్ల సందుల్లో వెతుక్కునే గుణాలు ఇవే. ఇక్కడ అవి మునిసిపాలిటీ కాలువ పక్కనే దొరుకుతాయి.

పొలాల్లో తాటిచెట్ల మట్టల మొదళ్లలో మొలిచే మర్రి రెండో ఆధారం. వేళ్లు తాటిమానును చుట్టుకుంటూ కిందికి దిగుతాయి, చివరికి తాటి మర్రిలో కలిసిపోతుంది. వాసాలకూ దూలాలకూ తాటిచెట్టు కొట్టినప్పుడు మట్టల్లోని ఈ మొక్కలు కిందికి వస్తాయి. కొట్టేవారికి ముందే చెప్పి ఉంచితే వేళ్లతో సహా దక్కుతాయి.

గోడ మొక్కను లాగకూడదు. ముందురోజు సందులో నీళ్లు పోసి నాననిచ్చి, సన్నని ఉలితో చుట్టూ గచ్చు రాల్చి, అందినంత వేరును పదునైన కత్తితో కోయాలి. లోపల మిగిలిన వేరు మళ్లీ చిగురిస్తుంది కాబట్టి గోడను తరువాత పూడ్చుకోవాలి. మొక్క తీసేవారు ఇంటివారికి ఈ మాట చెప్పడం మర్యాద. ఇల్లు మరమ్మతు చేసే వేసవిలో మొక్క చేతికొస్తే నీడలో తడి ఇసుకలో పాతి మృగశిర దాకా ఆపడం మేలు. కోసిన చోట కారే పాలు నీళ్లతో కడిగి బొగ్గుపొడి అద్దితే సరిపోతుంది. ఆకులన్నీ తుంచి, కొమ్మలు సగానికి తగ్గించి, చిల్లులు పెట్టిన పాత బేసిన్లో ఇటుక ముక్కలూ గరుకు ఇసుకా పోసి నాటుతారు. నెలా నెలన్నర నీడ. చిగురు రాకముందు ఎరువు వేస్తే వేరు కుళ్లుతుంది. మర్రి అయితే వేరు లేని లావు కొమ్మ కూడా వానాకాలంలో నాటుకుంటుంది. రావికి అంత నమ్మకం లేదు.

రావినీ మేడినీ నరకడానికి వెనకాడే ఇళ్లు చాలా ఉన్నాయి. గోడ పగులుతున్నా చెట్టును అలాగే వదిలేస్తారు. కుండీలోకి మార్చిపెడతామంటే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. మరుగుజ్జు చెట్టు ఇంట్లో ఉంటే ఎదుగుదల ఆగుతుందనే వాస్తు మాట కూడా వినిపిస్తుంది, దానికి ఆధారమేమీ లేదు.

మేకలు మేసిన పొదలు

మూడో ఆధారం ఎర్ర మట్టి గుట్టలు. బలుసు, రేగు, వాక్కాయ, బరింక, వెలగ పొదలను మేకలు ఏళ్ల తరబడి కొరికి కొరికి గుబురుగా, కురచగా మార్చేస్తాయి. కత్తెర పట్టే మనిషి పదేళ్లలో చేసే పని మేక ఊరికే చేసిపెడుతుంది. బరింక ఆకు చిన్నది, గరుకుగా ఉంటుంది. థాయ్‌లాండ్‌లో కత్తిరించి రూపాలు తీర్చే చెట్లలో దానిది పెద్ద స్థానం. మన దగ్గర కంచెల్లో పడి ఉంటుంది.

ఈ పొదలు మర్రి లాంటివి కావు. గరప నేలలో తల్లివేరు లోతుకు దిగుతుంది, ఒక్కసారిగా గునపంతో లేపితే చాలావరకు చస్తాయి. మొదటి వానాకాలంలో మొక్కకు ఒక వైపు గొయ్యి తీసి వేరు కోసి, ఇసుకా గత్తమూ నింపి వదలాలి. రెండో ఏడు రెండో వైపు. మూడో ఏడు లేపాలి. గ్రావెల్ క్వారీల్లో, భోగాపురం చుట్టుపక్కల వేసే లేఅవుట్లలో జేసీబీ దిగబోయే చోట్ల ఇంత తీరుబడి ఉండదు. అక్కడ యజమాని అనుమతితో వీలైనంత మట్టిగడ్డతో తెచ్చుకోవడమే. పోయినవి ఎలాగూ పోయేవే.

అడవి సంగతి వేరు. సీతంపేట, పాలకొండ, సాలూరు కొండలు 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. జిల్లా ఏదైనా రిజర్వు ఫారెస్టులో మొక్క తవ్వడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద నేరం. శ్రీముఖలింగం లాంటి పురావస్తు శాఖ రక్షణలోని గుడుల గోడల్లో మొలిచిన రావిని పీకడం కూడా బయటివారి పని కాదు, దాన్ని రాయి కదలకుండా తీయడం ఆ శాఖవారే చూసుకోవాలి. గోడలూ కంచెలూ ఇన్ని ఉండగా కొండలెక్కే అవసరం అభిరుచి కోసం పెంచేవారికి లేనే లేదు.

మట్టి, కుండీ, వాతావరణం

జపాన్ మట్టిని ఆన్‌లైన్లో కొనే వారున్నారు. ఏటి గట్ల ఇటుక బట్టీల దగ్గర విరిగిన ఇటుకలు చాలు. శనగగింజంత ముక్కలుగా కొట్టి, పొడి జల్లించి తీసేసి, గరుకు ఏటి ఇసుక, బాగా చివికిన గత్తం కలిపితే ఇక్కడి వానకు అదే సరైన మిశ్రమం. ఒట్టి ఎర్రమట్టి వానకు బిగుసుకుపోతుంది. మొదటి ఏళ్లకు కుమ్మరి మూకుడుకు అడుగున చిల్లు పెట్టించుకుంటే చాలు. మెరుగు పూసిన పళ్లెం కుండీ చెట్టు రూపు తేలాక కొనవచ్చు.

వేసవిలో రెండు పూటలా నీళ్లు, వానాకాలంలో నీరు నిలవకుండా చూసుకోవడం, వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లను పలచన చేసి పదిహేను రోజులకోసారి పోయడం మామూలు పనులు. రావి, మర్రి వానాకాలంలో ఎంత జోరుగా లావెక్కుతాయంటే వంపు కోసం చుట్టిన అల్యూమినియం తీగ కొద్ది వారాల్లోనే బెరడులోకి దిగుతుంది. వారానికోసారి చూసి ముందే విప్పాలి. ఆరోగ్యంగా ఉన్న రావికి వేసవిలో ఆకులన్నీ తుంచేస్తే కొత్త ఆకులు చిన్నవిగా వస్తాయి. ఆకు తగ్గుతుంది గాని కాయ తగ్గదు. మామిడి, పనస, జీడిమామిడి ఈ పనికి రాకపోవడానికి ఒక కారణం అదే.

మేడ మీద కుండీలు పెట్టేవారికి అసలు గండం ఆశ్వయుజం. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. ఉద్దానంలో కొబ్బరీ జీడీ తోటలనే పెకలించిన గాలికి లోతులేని కుండీ ఒక లెక్కా? హెచ్చరిక రాగానే కుండీలు కిందికి దించి నేల మీద గోడవారగా పెట్టాలి. సముద్రం దగ్గరి ఊళ్లలో గాలి తగ్గాక ఆకుల మీది ఉప్పును మంచినీళ్లతో కడగాలి.

రూపానికి నమూనాలు

రూపం కోసం జపాన్ దేవదారుల బొమ్మలు చూసి చింతను అలా వంచబోతే రెండూ చెడతాయి. పిలికన్లూ ఎర్రకాళ్ల కొంగలూ గూళ్లు కట్టే తేలినీలాపురం చింతలను చూస్తే గొడుగు తల ఎలా ఉండాలో తెలుస్తుంది. కళింగపట్నం ఇసుకలో గాలికి ఒక పక్కకు వాలిన సరుగుళ్లు, బోన్సాయ్ పుస్తకాల్లో గాలివాటు శైలిగా చెప్పే రూపానికి సజీవ పాఠం. ఊడల మర్రికి గిన్నిస్ పుస్తకం 1989లో గుర్తించిన తిమ్మమ్మ మర్రిమానే ఉంది. తేమ ఎక్కువగా ఉండే తీర ప్రాంతంలో కుండీ మర్రి కూడా ఊడలు దింపుతుంది. విజయనగరంలో పైడితల్లి సిరిమానుగా ఊరేగేది కూడా చింతమానే. పూజారిని కొసన కూర్చోబెట్టుకుని ఊగే ఆ నిడుపు మాను జాతే కుండీలో మూరెడుకు ఒదుగుతుంది.

కొబ్బరి మొలక

ఇండోనేసియాలో కొబ్బరికాయను మొలకెత్తించి, కాయ పైకి కనిపించేలా కుండీలో నిలిపి, ఆకు మొదళ్ల పొరలను ఒక్కొక్కటిగా ఒలుస్తూ చిన్నాకులతో ఉంచే అలవాటు ఉంది. దాన్నీ బోన్సాయ్ అనే పిలుస్తారు. కవిటి, సోంపేట తోటల్లో మొలక కాయలకు కొదవలేదు కాబట్టి ఉద్దానంలో ఎవరైనా దీన్ని చేసుకోవచ్చు. అయితే కొబ్బరికి ఎదిగే మొవ్వు ఒక్కటే. కొమ్మ వేయదు, మొవ్వు కోస్తే చస్తుంది, మొదలు పైన మరో రూపం తీర్చడానికి వీలుండదు. అది కొన్నేళ్లు నిలిచే అందమైన కుండీ మొక్కే గాని బోన్సాయ్ కాదు.