"ఎప్పుడు చూడు పండుకునే ఉంటది"

హన్మకొండలో పొద్దున్నే ఏ ల్యాబ్ ముందు చూసినా పరగడుపున కూర్చున్న ఆడవాళ్ళే ఎక్కువ. "నాకు థైరాయిడ్ ఉంది" అని షుగర్, బీపీల సరసన చెప్పేసుకుంటాం. థైరాయిడ్ అందరికీ ఉంటుంది లెండి, గొంతు ముందు సీతాకోకచిలుకలా. అది మందగించిందని కాస్తంత రక్తంతో తెలిసే రోజులు వచ్చింది మాత్రం మొన్నమొన్ననే.

అంతకుముందు బీఎమ్‌ఆర్ పరీక్ష చేసేవారు. రాత్రి నుంచి ఏమీ తినకుండా వచ్చి, కదలకుండా పడుకుని, ముక్కుకు క్లిప్పు పెట్టుకుని గొట్టంలోంచి గాలి పీల్చాలి. ఎంత ఆక్సిజన్ ఖర్చయిందో చూసి థైరాయిడ్ సంగతి అంచనా కట్టేవారు. కంగారు పడితే అంకె మారిపోయేది. ఆ అవతారంలో కంగారు పడని ఇల్లాలు ఎవరు చెప్పండి? తర్వాత రక్తంలో అయోడిన్ కొలిచే పద్ధతి వచ్చింది. అయోడిన్ ఉన్న దగ్గుమందు తాగితే అదీ తప్పేది.

దారి చూపింది ఒక ఆడమనిషే. 1921లో న్యూయార్క్‌లో పుట్టిన రోజలిన్ యాలో, ఇద్దరు పిల్లల తల్లి. భౌతికశాస్త్రం చదివి, మాజీ సైనికుల ఆస్పత్రిలో సాల్మన్ బెర్సన్ అనే డాక్టరుతో కలిసి పనిచేశారు. రక్తంలో హార్మోన్లు ఉండేది అణుమాత్రమే. రేడియోధార్మిక గుర్తు వేసిన హార్మోన్‌ను రక్తంతో కలిపి, యాంటీబాడీలకు అతుక్కోవడానికి రెండింటికీ పోటీ పెట్టి లెక్కకట్టారు వీళ్ళు. మొదట ఇన్సులిన్‌కు. పేటెంట్ తీసుకోలేదు. 1960లలో ఇదే పద్ధతితో టీఎస్‌హెచ్‌నూ కొలవగలిగారు. బెర్సన్ 1972లో పోయారు. యాలోకు 1977లో నోబెల్ వచ్చింది. ఒకప్పుడు తమ వ్యాసాన్ని తిప్పిపంపిన పత్రిక ఉత్తరాన్ని ఆవిడ నోబెల్ ప్రసంగంలోనే చూపించారు. ఆ పట్టుదల నాకు భలే నచ్చింది.

థైరాయిడ్ తగ్గితే టీఎస్‌హెచ్ ఎందుకు పెరుగుతుందని చాలామంది అడుగుతారు. టీఎస్‌హెచ్ థైరాయిడ్‌ది కాదు, మెదడు కింది పిట్యూటరీ గ్రంథి పంపే పిలుపు. బడికి లేవని పిల్లాణ్ణి మనం పిలిచినట్టే. ఎంత లేవకపోతే అంత గట్టిగా అరుస్తాం కదా!

మా అత్తమ్మకు ఆ పరీక్ష 1998లో జరిగింది. అప్పటికి పదేళ్ళుగా "ఎప్పుడు చూడు పండుకునే ఉంటది", "తిని తిని లావైంది" అని చుట్టాల చేత అనిపించుకుంది. టీఎస్‌హెచ్ అరవై దాటింది. ఉండాల్సింది నాలుగైదు లోపు. రిపోర్టు పట్టుకుని మామయ్య చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

కంటికి కనిపించే మెడగడ్డను మన దేశం ముందే పట్టించుకుంది. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వి. రామలింగస్వామి, 1956 నుంచి హిమాలయాల్లోని కాంగ్రా లోయలో కొన్ని ఊళ్ళకు అయోడిన్ ఉప్పు, కొన్నిటికి మామూలు ఉప్పు ఇచ్చి తేడా చూపించారు. 1962లో జాతీయ కార్యక్రమం మొదలైంది. కానీ మా అత్తమ్మకు గడ్డ లేదు. అలాంటివాళ్ళ జబ్బు రక్తంలోనే దొరకాలి.

పసిబిడ్డలకు మరీను. పుట్టుకతో థైరాయిడ్ లేకపోతే చూడ్డానికి బాగానే ఉంటారు, వారాలు గడిచేకొద్దీ మెదడు దెబ్బతింటుంది. కెనడాలోని క్యుబెక్‌లో జాన్ డ్యుసో అనే డాక్టరు 1970లలో పసివాళ్ళందరికీ మడమ నుంచి రక్తపు చుక్క తీసి చూసే పద్ధతి మొదలుపెట్టారు. మన దేశమంతటా అది ఇంకా తప్పనిసరి కాలేదు. మా ఆడబిడ్డ కూతురి కాన్పప్పుడు మేమే అడిగి, మూడో రోజు చేయించాం.