గుంటూరు–ప్రకాశం మైదానంలో సమాచార నిల్వ, తీగ విద్యుత్తు: సింగిల్ బోర్డు కంప్యూటర్‌కు పూర్వరంగం

వ్యాససంగ్రహం:
సమాచార సాంకేతికత చరిత్రలో యంత్రాల వేగానికి దక్కిన ప్రాధాన్యం, వాటికి విద్యుత్తు ఏ దారిన చేరింది, వాటిలోని సమాచారం ఎక్కడ నిలిచింది అన్న అంశాలకు దక్కలేదు. పత్తి, మిర్చి పండే గుంటూరు–ప్రకాశం మైదానాన్ని క్షేత్రంగా తీసుకొని ఈ రెండు అంశాలను తంతి కాలం నుంచి నేటి సింగిల్ బోర్డు కంప్యూటర్ వరకు పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. సంకేతాన్ని మోసే తీగే విద్యుత్తునూ మోసే పద్ధతి టెలిఫోనుతో స్థిరపడింది. ఆప్టికల్ ఫైబర్‌తో తెగిపోయింది. ఈథర్నెట్ తీగ ద్వారా భవనాల లోపల తిరిగి వచ్చింది. ఈ పరిణామం గ్రామీణ గ్రంథాలయాల డిజిటల్ ప్రతుల మనుగడకు నేరుగా సంబంధించినదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: తంతి, టెలిఫోన్ ఎక్స్ఛేంజి, ఆప్టికల్ ఫైబర్, పవర్ ఓవర్ ఈథర్నెట్, ఎన్‌వీఎంఈ నిల్వ, సింగిల్ బోర్డు కంప్యూటర్, గ్రంథాలయోద్యమం, డిజిటల్ పరిరక్షణ.

1. ఉపోద్ఘాతం:
గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది. గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం పేరు పొందింది. 2022 పునర్విభజనలో పల్నాడు, బాపట్ల జిల్లాలు వచ్చాయి. పాలనాపరమైన సరిహద్దులు ఎన్నిమార్లు మారినా, నల్లరేగడి నేలలూ పత్తి, మిర్చి పంటలూ ఈ ప్రాంతాన్ని ఒకే ఆర్థిక మండలంగా నిలిపాయి.

ఈ మండలంలో నిల్వ అనేది నిత్యజీవిత సమస్య. కల్లంలో ఆరబెట్టిన మిరపకాయను టిక్కీలకు ఎత్తి గుంటూరు యార్డుకు చేర్చిన రైతు, ధర నచ్చకపోతే శీతల గిడ్డంగిని ఆశ్రయిస్తాడు. గిడ్డంగి కాయ రంగును కాపాడుతుంది. అమ్మకానికి వ్యవధి ఇస్తుంది. అయితే కరెంటు ఆగితే గిడ్డంగికి అర్థం లేదు. నిల్వ, విద్యుత్తు ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయన్న ఈ అనుభవం సమాచార రంగానికీ వర్తిస్తుంది.

2. తీగ, బ్యాటరీ – తంతి నుంచి గ్రామీణ ఎక్స్ఛేంజి వరకు:
విలియం ఓషానెస్సీ 1839లో కలకత్తాలో చేసిన ప్రయోగాలతో భారతదేశంలో తంతికి పునాది పడింది. 1855లో అది ప్రజల వినియోగానికి వచ్చింది. మద్రాసు–బెజవాడ రైలుమార్గం 1899 నాటికి పూర్తయ్యాక, ఒంగోలు, చీరాల, బాపట్ల స్టేషన్ల వెంట రైలుపట్టాలూ తంతి స్తంభాలూ జంటగా సాగాయి. తంతి వ్యవస్థలో విద్యుత్తుకు స్టేషన్లలోని బ్యాటరీలే ఆధారం. ఊరికి కరెంటు రాకపూర్వమే కబురు వచ్చిందంటే కారణం అదే.

తొలినాటి టెలిఫోన్లలో మాట్లాడేవారి పెట్టెలోనే పొడి బ్యాటరీ ఉండేది. పిడి తిప్పి ఎక్స్ఛేంజిని పిలిచేవారు. తరువాత వచ్చిన కేంద్ర బ్యాటరీ పద్ధతి ఈ భారాన్ని ఎక్స్ఛేంజికి మార్చింది. అక్కడి 48 వోల్టుల బ్యాటరీ వరుస నుంచే, మాట వెళ్ళే రాగితీగ జంట మీదుగా విద్యుత్తు ఇంటికి చేరింది. బ్యాటరీ ధన ధ్రువాన్ని భూమికి కలిపి, తీగను ఋణ వోల్టేజిలో ఉంచడం వల్ల నేలలోని తీగల తుప్పు తగ్గింది. ఊరంతా చీకటిలో ఉన్నా ఫోను పనిచేయడానికి ఈ ఏర్పాటే మూలం.

1984లో ఏర్పడిన సి-డాట్ ఈ పరంపరను పల్లెకు తెచ్చింది. 128 పోర్టుల గ్రామీణ ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి తొలిసారి 1986లో కర్ణాటకలోని కిట్టూరులో పనిచేయడం మొదలుపెట్టింది. ఎయిర్ కండిషనింగ్ లేకుండా, దుమ్మునూ వేడినీ తట్టుకొని నడిచేలా దాన్ని రూపొందించారు. దిగుమతి ఎక్స్ఛేంజికి చల్లని గది కావాలి; పల్లెకు అది సాధ్యం కాదు. పరిసరాన్ని యంత్రానికి అనుగుణంగా మార్చడం కాక, యంత్రాన్ని పరిసరానికి అనుగుణంగా మలచడం సి-డాట్ ఇచ్చిన పాఠం. నేటి చిన్న కంప్యూటర్లను అంచనా వేయడానికీ ఇదే సరైన కొలమానం.

3. ఆప్టికల్ ఫైబర్ తెచ్చిన విచ్ఛేదం:
ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకాన్ని 2017 డిసెంబర్ 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గుంటూరు జిల్లా వెలగపూడిలో జాతికి అంకితం చేశారు. నేలను తవ్వి తీగ వేయడానికి బదులు, ఉన్న విద్యుత్ స్తంభాల మీదుగానే 20,000 కిలోమీటర్లకు పైగా ఫైబర్ లాగడం ఈ పథకం ప్రత్యేకత. నెలకు 149 రూపాయల ప్రారంభ ధరతో ఇంటర్నెట్, టెలివిజన్, టెలిఫోన్ ఒకే తీగపై అందించాలన్నది లక్ష్యం.

ఇక్కడ చరిత్రకారుడు గమనించవలసిన వైరుధ్యం ఉంది. ఫైబర్ విద్యుత్ స్తంభాన్ని పట్టుకొనే ఊరికి వచ్చింది. కానీ విద్యుత్తును తేలేదు. గాజు పోగు వెలుగును మోస్తుంది, కరెంటును మోయదు. అందువల్ల ఇంట్లోని ఫైబర్ పెట్టెకు ఇంటి కరెంటే దిక్కు. కేంద్ర బ్యాటరీ కాలంలో ఎక్స్ఛేంజి మోసిన బాధ్యత తిరిగి వినియోగదారుడి మీద పడింది. వేగం అనేక రెట్లు పెరిగినా, కరెంటు పోతే కబురూ పోయే స్థితి వచ్చింది. పాఠశాల, గ్రంథాలయం, పంచాయతీ కార్యాలయం వంటి చోట్ల ఈ లోపం ఎక్కువ ఇబ్బంది కలిగిస్తుంది.

4. ఈథర్నెట్ తీగలో తిరిగివచ్చిన విద్యుత్తు:
భవనం లోపల ఈ విచ్ఛేదాన్ని పూరించినది పవర్ ఓవర్ ఈథర్నెట్ పద్ధతి. ఐట్రిపుల్‌ఈ సంస్థ 2003లో 802.3ఏఎఫ్, 2009లో 802.3ఏటీ, 2018లో 802.3బీటీ ప్రమాణాలను వెలువరించింది. మొదటిదానిలో స్విచ్ 15.4 వాట్లు పంపితే పరికరానికి 12.95 వాట్ల హామీ ఉంటుంది. రెండవదానిలో 30 వాట్లు పంపితే 25.5 వాట్లు అందుతాయి. తేడా అంతా 100 మీటర్ల వరకు సాగే తీగలో కలిగే నష్టం.

ఈ పద్ధతిలోనూ వోల్టేజి ఇంచుమించు 48 వోల్టులే కావడం గమనార్హం. 25 వాట్లను 5 వోల్టుల వద్ద పంపాలంటే 5 ఆంపియర్లు కావాలి. 50 వోల్టుల వద్ద అర ఆంపియరు చాలు. తీగలో నష్టం ప్రవాహ వర్గానికి అనుపాతంలో ఉంటుంది కనుక, ప్రవాహం పదో వంతుకు తగ్గితే నష్టం నూరో వంతుకు తగ్గుతుంది. మనిషికి ప్రమాదం తక్కువగా, దూరానికి నష్టం తక్కువగా ఉండే ఈ మధ్యేమార్గాన్ని టెలిఫోన్ ఇంజనీర్లు ముందే ఎంచుకొన్నారు. ఈథర్నెట్ దాన్నే స్వీకరించింది. విద్యుత్తు పంపే ముందు స్విచ్ అవతలి కొసలో సుమారు 25 కిలో ఓముల నిరోధం ఉందో లేదో పరీక్షిస్తుంది. అది కనిపిస్తేనే కరెంటు వదులుతుంది. కాబట్టి ఈ ఏర్పాటు లేని పాత పరికరాలకు హాని ఉండదు.

5. నిల్వ – పడవ గ్రంథాలయం నుంచి ఎన్‌వీఎంఈ వరకు:
రెండవ ధార నిల్వ. ఈ ప్రాంతంలో దానికి ఘనమైన చరిత్ర ఉంది. వేటపాలెంలో 1918లో స్థాపితమైన సారస్వత నికేతనం పాత పత్రికలకు పేరుపొందిన నిధి. దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. 1935 అక్టోబరులో పాతూరి నాగభూషణం కృషితో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిచింది. సరుకు మోసే దారినే పుస్తకానికీ దారిగా మార్చిన ఆ ప్రయత్నం, విద్యుత్ స్తంభం మీద ఫైబర్ లాగిన ప్రయత్నానికి పూర్వగామి అనదగినది. కొత్త దారి వేసే స్తోమత లేనప్పుడు ఉన్న దారికే రెండవ పని అప్పగించడం రెండింటిలోనూ కనిపిస్తుంది.

కాగితం ఆమ్ల గుణంతో పెళుసుబారుతుండగా డిజిటలీకరణ మొదలైంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ద్వారా వేలాది తెలుగు గ్రంథాలు స్కాన్ అయ్యాయి. అయితే కొన్నేళ్ళకు ఆ వెబ్‌సైటు పాఠకులకు అందుబాటులో లేకుండా పోయింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరిన ప్రతులే నేడు చాలామంది పరిశోధకులకు ఆధారం. ఊళ్ళో ఒకే ప్రతి ఉంటే చెద, తేమ తినేస్తాయి. దూరాన ఒకే ప్రతి ఉంటే ఒక్క సంస్థాగత నిర్ణయంతో కనుమరుగవుతుంది. కనుక దగ్గర ఒకటి, దూరాన ఒకటి ఉండడం అవసరం. దగ్గరి ప్రతిని తక్కువ ఖర్చుతో ఎలా నిలపాలన్నదే అసలు ప్రశ్న.

6. చిన్న పలక మీద రెండు ధారల సంగమం:
2012 ఫిబ్రవరి 29న వెలువడిన రాస్ప్‌బెర్రీ పై, విద్యార్థులకు ప్రోగ్రామింగ్ నేర్పే ఉద్దేశంతో కేంబ్రిడ్జిలో పుట్టింది. దాని నిల్వ ఎస్డీ కార్డు. చౌకగా దొరికే ఆ కార్డుకు రెండు బలహీనతలు ఉన్నాయి: పదే పదే రాస్తే అరిగిపోతుంది, రాస్తుండగా కరెంటు పోతే ఫైలు వ్యవస్థ చెడిపోవచ్చు. కోతలు మామూలైన ఊళ్ళలో రెండవది పెద్ద ముప్పు. 2018లో వచ్చిన 3బి ప్లస్ నమూనాలో ఈథర్నెట్ విద్యుత్తుకు నాలుగు పిన్నుల ఏర్పాటు చేరింది. 2023లో ప్రకటించిన రాస్ప్‌బెర్రీ పై 5లో ఒక లేన్ పీసీఐ ఎక్స్‌ప్రెస్ సదుపాయం కలిగింది. 2024 మే నెలలో ఎన్‌వీఎంఈ డ్రైవును అమర్చే అధికారిక అదనపు పలక విడుదలైంది. విద్యుత్తునూ నిల్వనూ ఒకే పలకలో అందించే ఇతర తయారీదారుల ఉత్పత్తులూ వచ్చాయి.

ఈ కూర్పులో లెక్క చూసుకోవలసిన చోట్లు రెండు. మొదటిది విద్యుత్తు. ఈ నమూనాకు తయారీదారు సిఫారసు చేసే అడాప్టరు 5.1 వోల్టుల వద్ద 5 ఆంపియర్లు, అంటే 25.5 వాట్లు ఇస్తుంది. ఏఎఫ్ ప్రమాణపు 12.95 వాట్లు బోర్డుకే బొటాబొటి. డ్రైవు తోడైతే చాలవు. ఏటీ ప్రమాణం అందించే 25.5 వాట్లలో కూడా, 48 వోల్టులను 5 వోల్టులకు దించేటప్పుడు కొంత వేడిగా పోతుంది. కాబట్టి డ్రైవు ఉంటే స్విచ్ ఏటీ ప్రమాణానిదై ఉండాలి. ఇతర యూఎస్‌బీ పరికరాలను పరిమితం చేయాలి.

రెండవది వేగం. ఈ అమరికలో డ్రైవు సెకనుకు సుమారు 400 మెగాబైట్లు చదువుతుంది. ఎస్డీ కార్డు 90 దాటడం కష్టం. కానీ గిగాబిట్ ఈథర్నెట్ తీగ సెకనుకు 120 మెగాబైట్లలోపే మోయగలదు. పాఠకుడి తెరకు చేరే వేగం నాలుగు రెట్లు పెరుగుతుందనుకోవడం సరికాదు. లాభం మరోచోట ఉంది. గ్రంథాలయంలో ఏటా పుస్తకాల నిల్వ తనిఖీ చేసినట్లే, డిజిటల్ ప్రతులు చెడిపోలేదని చెక్‌సమ్ ద్వారా తరచు సరిచూడాలి. ఒక టెరాబైటును కార్డు వేగంతో చదవడానికి మూడు గంటలు పైగా పడితే, డ్రైవు వేగంతో సుమారు 42 నిమిషాలు చాలు. మూడు గంటల పని వాయిదా పడుతుంది. ముప్పావు గంట పని ప్రతివారం జరుగుతుంది. పరిరక్షణ దృష్టితో ఈ వ్యత్యాసమే ముఖ్యమైనది.

7. ఎండ, నూగు, పిడుగు:
ఈ మైదానంలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. రెంటచింతల ఎండకు పెట్టింది పేరు. రాస్ప్‌బెర్రీ పై 5 ప్రాసెసర్ 80 డిగ్రీల వద్ద వేగం తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. దానిపై డ్రైవు, విద్యుత్ మార్పిడి భాగం పేర్చితే వేడి మరింత పెరుగుతుంది. జిన్నింగ్ మిల్లుల పరిసరాలలో పత్తి నూగు చిన్న ఫ్యాను రెక్కలకు చుట్టుకొంటుంది. అటువంటి చోట ఫ్యాను కంటే లోహపు పెట్టె, నీడ పట్టున ఉండే గోడ మేలు. సి-డాట్ ఎక్స్ఛేంజి నేర్పిన పాఠం ఇక్కడ మళ్ళీ పనికొస్తుంది.

రాగితీగ పిడుగుపాటు ప్రేరణను కూడా మోస్తుంది. అందుచేత ఒక భవనం నుంచి మరో భవనానికి ఫైబర్, భవనం లోపల ఈథర్నెట్ విద్యుత్తు అన్న విభజన వివేకవంతమైనది. విచ్ఛేదంగా కనిపించిన ఫైబర్ గుణమే ఇక్కడ రక్షణ అవుతుంది. స్విచ్ వద్ద ఒక్క యూపీఎస్ ఉంటే దానికి కలిసిన పరికరాలన్నిటికీ బ్యాటరీ ఉన్నట్లే. ఇది కేంద్ర బ్యాటరీ పద్ధతికి భవనమంత చిన్న రూపం.

8. ఉపసంహారం:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. సమాచార సాంకేతికత ఏకముఖంగా సాగలేదు. సంకేతం, విద్యుత్తు కలిశాయి, విడిపోయాయి, తిరిగి కలిశాయి. ప్రతి మలుపులోనూ కరెంటు పోతే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు సమాధానం మారింది. కేంద్ర బ్యాటరీ ఆ బాధ్యతను సంస్థకు ఇచ్చింది. ఫైబర్ దాన్ని ఇంటికి నెట్టింది. ఈథర్నెట్ విద్యుత్తు దాన్ని గ్రంథాలయం, కళాశాల వంటి చిన్న సంస్థల చేతికి అందిస్తోంది. ఈ ప్రాంత పత్రికలు, మార్కెట్ ధరల పట్టికలు, స్థానిక రచనలు రేపటి పరిశోధకుడికి దొరకడం, ఆ సంస్థలు ఈ బాధ్యతను స్వీకరించడంపై ఆధారపడి ఉంటుంది. పరికరం ధర కొద్దివేలే. దాన్ని కనిపెట్టుకొని ఉండే మనిషిని, తనిఖీ రోజును, దూరాన ఉంచే రెండవ ప్రతిని నిర్ణయించడం అసలైన పెట్టుబడి. పడవ గ్రంథాలయాన్ని నడిపిన తరం ఇంతకంటే తక్కువ వనరులతో అటువంటి నిర్ణయం తీసుకొంది. జిల్లాల వారీగా డిజిటల్ ప్రతుల ప్రస్తుత స్థితిని సర్వే చేయడం ఈ దిశలో చేపట్టవలసిన తదుపరి పరిశోధన.